దించిందెవరు?

విమానం దిగి, ఆగి, మెట్లు తగిలించాక తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపు పక్కన కెప్టెన్ నిలబడి ప్రయాణికులకు వీడ్కోలు చెప్పడం మనలో చాలామంది చూసిన దృశ్యమే. కానీ ఆ తలుపు వెనుక ఉన్న ఒక పద్ధతి ఎక్కువమందికి తెలియదు. ముందు గదిలో ఇద్దరు పైలట్లు ఉంటారు. ఇద్దరికీ విమానం నడపడం వచ్చు. ఒక విడత ఒకరు నడిపితే తర్వాతి విడత రెండోవారు నడుపుతారు. నడపనివారు రేడియోలో మాట్లాడుతూ, కొలతలు చదువుతూ, పక్కవారి చేతిని గమనిస్తూ ఉంటారు. కాబట్టి విమానాన్ని దించింది ఎవరో వెనుక కూర్చున్న మనకు తెలిసే అవకాశం లేదు. తెలియని విషయం ఎదురైతే అడగవచ్చు, లేదా ఊహించుకోవచ్చు. ఈ కథ ఊహించుకున్నవారిది.

ఆ ఉదయం మొదటి విడత కెప్టెన్‌ది. ఆమెకు నలభై నాలుగేళ్ళు. అందులో సగం ఆకాశంలోనే గడిచాయి. విమానం ఎంత మెత్తగా దిగిందంటే, రెండో వరుసలో నిద్రపోతున్న పసిబిడ్డ కదలనైనా లేదు. తలుపు తెరవగానే బ్రీఫ్‌కేసుతో వచ్చిన ఒక పెద్దమనిషి ఆమెను దాటి చెయ్యి చాచి, వెనుక ఉన్న కుర్ర కో-పైలట్ చేతిని పట్టుకుని ఊపాడు.

"భలే దించావు బాబూ. చెరువులో పడవ ఆగినట్టు ఆగింది."

తర్వాత ఆమెవైపు తిరిగి, "అమ్మా, నా కోటు సీటు మీదే ఉండిపోయింది. కాస్త తెచ్చిపెడుదూ" అన్నాడు.

ఆమె భుజాల మీద కెప్టెన్ హోదాను చెప్పే నాలుగు బంగారు పట్టీలు అతని కళ్ళకు జానెడు దూరంలో ఉన్నాయి. ఆమె సిబ్బందిలో ఒకరికి సైగ చేసింది. కోటు వచ్చింది. 'దించింది మేడమ్ అండీ' అనడానికి కో-పైలట్‌కు రెండు సెకన్లు చాలు. అతను నవ్వి, "థాంక్యూ సార్" అన్నాడు.

మధ్యాహ్నం తిరుగు ప్రయాణం కో-పైలట్ వంతు. నేలకు ముప్పై అడుగుల ఎత్తులో విమానం ముక్కును నెమ్మదిగా పైకెత్తాలి. అతను ఒక్క క్షణం ఆలస్యం చేశాడు. "ఎత్తు" అంది కెప్టెన్. ఆ మాట పూర్తయ్యేలోపే చక్రాలు నేలను గుద్దాయి. పైన సామాన్ల అరలు రెండు తెరుచుకున్నాయి. నాలుగు ఆక్సిజన్ మాస్కులు ఊడి తలల మీద వేలాడాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ అందరూ బెదిరిపోయారు.

బెదిరిన మనుషులు ఒక్కొక్కరే తలుపు దగ్గరికి వచ్చి ఆమెను చూశారు. చూడగానే వారి ముఖాల్లో భయం పోయి తీర్పు వచ్చింది.

"ఓహో, ఇదా సంగతి."

"ఆడవాళ్ళు నడుపుతున్నారని ముందే చెప్తే బస్సెక్కేవాళ్ళం కదా."

"బండి వెనక్కి పెట్టడమే రాదు వీళ్ళకి, విమానం చేతికిచ్చారు" అని ఒకడంటే వెనకున్న నలుగురు నవ్వారు.

చంకలో బిడ్డనెత్తుకున్న ఒక స్త్రీ కూడా ఆగి, "ఇంట్లో పిల్లల్ని చూసుకోక మా ప్రాణాలతో ప్రయోగాలేంటమ్మా?" అంది. ఈ రోగం మగవారికి మాత్రమే వచ్చేది కాదని పాఠకులు గమనించాలి.

ఫోన్లు పైకి లేచాయి. కెప్టెన్ గొంతు మార్చకుండా, "ఈ విమానానికి కెప్టెన్‌ని నేను. ఇబ్బందికి క్షమించండి. బాధ్యత నాది" అంది. ఆ మూడు వాక్యాలే వీడియోలోకి ఎక్కాయి. బాధ్యత అన్న మాటను ఊరంతా నేరం ఒప్పుకోలుగా విన్నది. ఆమె వెనుక కో-పైలట్ తల వంచుకుని కాగితాలు సర్దుతూనే ఉన్నాడు.

సిబ్బంది వ్యానులో అతను మెల్లగా, "మేడమ్, మీరు చెప్పుండాల్సింది" అన్నాడు.

"ఏం చెప్పాలి? చేసింది నేను కాదు, ఈ కుర్రాడు అనా? కెప్టెన్ అనేవాళ్ళు అలా అనరు. అనాల్సిన మనిషివి నువ్వు. పొద్దున కోటాయన చెయ్యి ఊపినప్పుడు నీ నోరు బాగానే పనిచేసింది కదా."

ఆ తర్వాత దారి పొడుగునా ఆమె కిటికీలోంచే చూసింది.

విచారణ పూర్తయ్యేవరకు ఇద్దరినీ విధుల నుంచి తప్పించారు. కో-పైలట్ ఇంట్లో సెలవని చెప్పాడు.

ఆ ఇంట్లో అప్పటికే ఒక ఫారం ఎదురుచూస్తోంది. అతని చెల్లెలికి పదిహేడేళ్ళు. పైలట్ శిక్షణకు రాసిన ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణురాలైంది. పద్దెనిమిది నిండలేదు కనుక ఇంట్లో పెద్దల సంతకం కావాలి. గడువు మరో వారం. తండ్రి ముప్పై రెండేళ్ళు బస్సు నడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. అవునని అనకుండా, కాదని అనకుండా నెల రోజులుగా ఆ ఫారాన్ని నాన్చుతున్నాడు. తల్లి ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షల టెక్నీషియను. ఆమె అభిప్రాయం ఎవరూ అడగలేదు.

రాత్రి భోజనాల బల్ల దగ్గర తండ్రి ఫోనులో ఆ వీడియో మోగింది. రెండోసారి కూడా పెట్టాడు.

"ఒరేయ్, ఇది మీ విమానమేగా? నువ్వు పక్కనే ఉన్నావుగా?"

"ఆ."

"బతికి బయటపడ్డావు. స్టీరింగంటే నెత్తిన కూర్చునే బాధ్యత. ఆడాళ్ళు ఆ టైముకి కంగారు పడతారు. ఇందుకేరా నేను ఆలోచిస్తోంది."

"కంగారని నీకెలా తెలుసు నాన్నా?" అంది చెల్లెలు. "గాలి ఎక్కువుండొచ్చు. రన్‌వే తడిగా ఉండొచ్చు."

"గాలీ లేదు, గీలీ లేదు. ఎండ చూడు వీడియోలో. చెట్టుకి ఆకు కదలట్లేదు. ఆడది దించింది, అలా దిగింది. అంతే."

చెల్లెలు అన్నవైపు తిరిగింది. విమానాల గురించి ఆ పిల్లకు తెలిసిన మొదటి సంగతులన్నీ అతను చెప్పినవే.

"అన్నయ్యా, మీరు వంతులేసుకుని నడుపుతారన్నావుగా. ఆ విడత ఎవరిది?"

తండ్రి నమలడం ఆపాడు. తల్లి చేతిలో గరిటె ఆగింది. ఆ ప్రశ్నను ఆ రోజు అడిగిన మొట్టమొదటి మనిషి ఆ పదిహేడేళ్ళ పిల్ల. కో-పైలట్ కంచంలోకి చూస్తూ, "ఆవిడదే" అన్నాడు.

తండ్రి చెయ్యి కడుక్కుని వచ్చి, ఫారం మడిచి ఫ్రిజ్ మీద పడేశాడు. "ఇంక ఆ మాటెత్తకు చిట్టీ. టీచరు ట్రైనింగు చేద్దువుగాని."

చిట్టి ఏడవలేదు. అన్నతో మాట్లాడటం మానలేదు. అతను చెప్పింది నమ్మింది. అతన్ని నిద్రపోనివ్వనిది ఆ నమ్మకమే.

ఆరో రోజున విచారణ. భద్రతాధికారి గదిలో బల్లా, నాలుగు కుర్చీలు, గోడ మీద ఒక తెర ఉన్నాయి. ఆయన మరో రెండు నెలల్లో పదవీ విరమణ చేయబోయే మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, విమానంలోని నమోదు పెట్టె, అంటే బ్లాక్ బాక్స్, నుంచి తీసిన గీతలను తెర మీద చూపించాడు.

"ముందు మీ నివేదికలు చదువుతాను. కెప్టెన్‌ది, అదే సాయంత్రం రాసింది. 'నడిపినది కో-పైలట్. పర్యవేక్షించినది నేను. ముక్కు ఎత్తడం ఆలస్యమైంది. నేను కలగజేసుకోవడం కూడా ఆలస్యమైంది.' ఇంతే. ఇక కో-పైలట్‌ది. 'గాలి అనుకూలించలేదు.'"

ఆయన కళ్ళజోడు దించాడు.

"బాబూ, ఆ సమయానికి గాలి గంటకు ఆరు కిలోమీటర్లు. ఆ గాలికి తడిబట్టలు కూడా ఆరవు."

కో-పైలట్ తల దించుకున్నాడు. "ఆలస్యం నాదే సార్."

"గీత కూడా అదే చెబుతోంది. ఇదేమీ మహాపరాధం కాదు. అందరూ ఎప్పుడో ఒకప్పుడు చేస్తారు, నేర్చుకుంటారు. నేను చెప్పేది వేరే. గత రెండేళ్ళలో మన సంస్థలో ఇలా గట్టిగా దిగినవి పదిహేడు. ప్రతిదాన్నీ నేనే చూశాను. కారణాలు రాశాను. అలసట, వాన, పొరపాటు లెక్క, కొత్త చెయ్యి. ఊళ్ళో వీడియో తిరిగింది వీటిలో ఒక్కదానికే. మిగతా పదహారుసార్లూ తలుపు దగ్గర మగవాడు నిలబడ్డాడు. జనం నడుము పట్టుకుని, రోడ్డు బాలేదన్నట్టు గొణుక్కుని వెళ్ళిపోయారు. నాకు ఈ పెట్టె మీద ఎందుకు నమ్మకమో తెలుసా? దీనికి కొలవడం తెలుసుగాని ముఖాలు చూడటం తెలియదు."

కెప్టెన్ మళ్ళీ విధుల్లోకి వెళ్ళవచ్చని, కో-పైలట్ రెండు వారాలు తిరిగి శిక్షణ తీసుకోవాలని రాసి ఆయన సంతకం చేశాడు.

వరండాలో కో-పైలట్ ఆమె వెనకే వెళ్ళాడు. "మేడమ్, నన్ను క్షమించాలి."

ఆమె ఆగింది గాని మెత్తబడలేదు. "వారం రోజులుగా నా కూతురు బడికి వెళ్ళనంటోంది. క్లాసులో వీడియో చూపించి నవ్వుతున్నారట. నీ క్షమాపణ నేనేం చేసుకోను? ఎక్కడెక్కడ నోరు మూసుకున్నావో అక్కడికి వెళ్ళి తెరువు."

ఆ సాయంత్రం అతను ఇంటికి వెళ్ళి బూట్లు కూడా విప్పకుండా బల్ల దగ్గర నిలబడ్డాడు. తండ్రి టీవీ చూస్తున్నాడు. తల్లి ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చింది. చెల్లెలు పాత ప్రశ్నపత్రాలు కట్టగట్టి అటక మీదికి ఎక్కిస్తోంది. దరఖాస్తుకు మర్నాడే ఆఖరు.

"నాన్నా, ఆ రోజు విమానం దించింది ఆవిడ కాదు. నేను. ముక్కు ఎత్తడం ఆలస్యం చేశాను. ఆవిడ 'ఎత్తు' అంది కూడా. మీకు అబద్ధం చెప్పాను."

టీవీ మోగుతూనే ఉంది. తండ్రి కొడుకు ముఖంలోకి చూశాడు. ఆయన ముఖంలో కోపం గాని, సిగ్గు గాని రాలేదు. ముందుగా వచ్చింది జాలి.

"గాలి ఉండుంటుందిలేరా" అన్నాడు.

స్టూలు మీద నిలబడ్డ చిట్టి నెమ్మదిగా కిందికి దిగింది.

"చెట్టుకి ఆకు కదలట్లేదన్నావుగా నాన్నా."

"ఏదో అన్నాను."

"అదే ఎండ. అదే విమానం. అదే దెబ్బ. మనిషి మారగానే గాలి ఎక్కణ్నించి వచ్చింది?"

"నాకు నేర్పకు. ముప్పై రెండేళ్ళు నడిపినవాణ్ని. వాడు చేసింది పొరపాటు. ఆవిడైతే..." తండ్రి ఆగిపోయాడు. ఆ వాక్యాన్ని పూర్తి చేయడానికి ఆయనకు ఒక్క కారణమూ దొరకలేదు. దొరకనందుకు కోపం వచ్చింది. "ఎవరు దించితే నాకేంటి? నేను సంతకం పెట్టను. నా ఇంట్లో ఆడపిల్ల ఊరి నోట్లో పడటానికి వీల్లేదు."

అంతవరకు మాట్లాడని తల్లి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. ఫారం తీసి, దుమ్ము దులిపి, మడతలు విప్పింది. రోజుకు అరవై సీసాల మీద చీటీలు చదివే మనిషి కనుక ప్రతి అక్షరం చదివింది.

"చిట్టీ, ఇక్కడ ఏం రాసుంది?"

చిట్టి వంగి చదివింది. "తల్లి లేదా తండ్రి సంతకం."

చదివాక ఆ పిల్ల ముఖం పాలిపోయింది. నెల రోజులుగా ఆ ఫారాన్ని ఇరవైసార్లు చూసింది. ప్రతిసారీ తండ్రి సంతకం అనే చదువుకుంది. తన ఎదురుగా ఒక తల్లి ఉందని ఆమెకూ తట్టలేదు.

"ఏమండీ," అంది తల్లి, "మీకు ఒంట్లో బాగాలేనప్పుడు రక్తం తీసింది నేను. రిపోర్టు రాసింది నేను. దాన్ని నమ్మి డాక్టరు మందిచ్చాడు, మీరు మింగారు. అప్పుడు మగమనిషిని పిలవమనలేదే." పెన్ను తీసి, కాగితాన్ని బల్ల మీద చదును చేసి, తన పేరు పూర్తిగా రాసింది.

తండ్రి లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు ఆ రాత్రి తెరుచుకోలేదు. కో-పైలట్ తన ఫోను తీసి, ఆ వీడియో కిందే, తన ఫొటో కనిపించేలా, విమానాన్ని దించింది తానేనని రాశాడు. గంటలోపే వందమంది జవాబిచ్చారు. వారిలో తొంభైమంది రాసింది ఒకటే: పాపం, గాలి ఉండి ఉంటుంది.

పాఠకులారా, మగవాడు తప్పు చేస్తే మనం కారణం వెతుకుతాం, ఆడది తప్పు చేస్తే ఆమెనే కారణం అంటాం. గాలి మాత్రం ఎవరి ముఖమూ చూసి వీయదు, కాబట్టి మనుషులను కొలిచేటప్పుడు మనమూ అందరికీ ఒకే కొలబద్ద వాడటం నేర్చుకోవాలి.