రెండు నడుముల నడుమ

నేను ఒక నడుము బెల్టును. గట్టి గుడ్డ, వెన్నుకు ఆనేలా లోపల సన్నని ఇనుప బద్దలు, ముందు చర్రుమని ఊడివచ్చే పట్టీ, ఇంతే నా శరీరం. ఏదో షెడ్డులో కుట్టి, అట్టపెట్టెలో పెట్టి నర్సీపట్నంలో ఒక మందుల షాపుకు పంపారు. పెట్టె మీద నన్ను కట్టుకుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ ఉండేది. నన్ను కట్టుకుని అలా నవ్వినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

నన్ను కొన్నది మాణిక్యం, చెల్లెలు అరుంధతి కోసం. ఘాట్ రోడ్డులో జీపు బోల్తాపడి అరుంధతి నడుము దెబ్బతింది. ఎముక అతుక్కుంది గాని నొప్పి పోలేదు. చింతపల్లి దగ్గర, కొండ కింద వాళ్ల ఇల్లు. ఉండేది అక్కాచెల్లెళ్లిద్దరూ, జొన్న అనే కుక్కా. నీళ్లు మోయడం, వంట, బట్టలు అన్నీ ముగించుకుని, మాణిక్యం మళ్లీ అంగన్‌వాడీలో వండడానికి వెళ్లేది.

మనుషులకు నొప్పి కనబడదు, నేను కనబడతాను. అరుంధతి ఆ సంగతి త్వరగానే గ్రహించింది. నొప్పి కాస్త నెమ్మదించిన రోజున కూడా, అక్క ఇంట్లో ఉన్నంతసేపూ నన్ను చీర మీదే కట్టుకునేది. కట్టుకుని సిగ్గుపడేది. అక్క బిందెతో గుమ్మం దాటినప్పుడల్లా అరుంధతి పొట్ట బిగుసుకోవడం నాకు తెలిసేది.

"బాగా నడవండి. బరువులు మాత్రం ఎత్తకండి" అని డాక్టరు చెప్పాడు. బరువుల మాట అరుంధతి అక్కకు చెప్పింది, నడక మాట చెప్పలేకపోయింది. బిందెలు మోసే మనిషితో, తనను నడవమన్నారని ఏ నోటితో అంటుంది?

అందుకని చలికాలం మొదలయ్యాక, మాణిక్యం అటు వెళ్లగానే, నన్ను స్వెట్టరు లోపల దాచి కట్టుకుని, జొన్నను వెంటబెట్టుకుని కొండెక్కేది. జొన్న ముందుకు ఉరికి, వెనక్కి వచ్చి, ఆమె ఆగినచోటల్లా ఆగేది. పైకి చేరినా నొప్పి తగ్గేది కాదు. కాని లోయ నిండా మంచు తెల్లగా పరుచుకుని ఉంటే, కాసేపు దానికేసి చూసేది. అంతలో ఇంట్లో అక్క ఉతకడానికి నానబెట్టిన దుప్పట్లు గుర్తొచ్చి గబుక్కున లేచేది.

జనవరిలో ఒకరోజు పొదలోంచి అడవికోడి లేచింది. జొన్న ఒక్క ఉరుకు ఉరికింది. ఆ రోజు దాని గొలుసు అరుంధతి చేతికి చుట్టి ఉంది. తడిగడ్డి మీద జారి పడింది, మరి లేవలేకపోయింది. చాలాసేపటికి కాఫీ తోటలో పనిచేసే ఒకామె చూసి, భుజం ఆసరా ఇచ్చి ఇంటికి చేర్చింది. అప్పటికి మాణిక్యం వచ్చేసి ఉంది.

"చలి మొదలయిన కాడ్నుంచి సూస్తన్నానమ్మా, కుక్కనేసుకుని పైకొస్తాది. పాపం, ఇయ్యాల జారిపోనాది" అంది ఆమె.

మాణిక్యం ఆమెకు టీ ఇచ్చి పంపింది. తర్వాత మెల్లగా అడిగింది: "కొండెక్కే నడుముకి బిందెత్తడం రాదేటే?"

అరుంధతి కాస్త కోలుకోగానే పంతానికి బిందె ఎత్తబోయి సగంలోనే దించేసింది. నన్ను విప్పి మేకుకు తగిలించింది, మళ్లీ ముట్టుకోలేదు. కొండ వైపు వెళ్లలేదు.

ఒక ఉదయం మాణిక్యం పొయ్యి దగ్గర వంగి, లేవబోయి ఆగిపోయింది. గోడ పట్టుకుని వచ్చి, చుట్టూ చూసి, నన్ను తీసి కట్టుకుంది. ఆ నడుము నాకు కొత్త. లోపలి బిగుతు మాత్రం బాగా ఎరిగినదే. నన్ను రెండు చేతులా అదుముకుని ఊపిరి వదిలింది.

గుమ్మంలో అరుంధతి నిలబడి ఉంది.

"ఎన్నాళ్ల నుంచక్కా?"

"రెండేళ్లవుతాది. ఇద్దరం మంచమెక్కితే ఇల్లెవరు చూస్తారే?"

అరుంధతి వచ్చి, వదులుగా ఉన్న నా పట్టీని సరిగ్గా బిగించింది. అప్పుడు చెప్పింది, డాక్టరు నడవమన్న మాట.

"అప్పుడే చెప్పుంటే కొండ మీదికి నేనే తోలేద్దును" అంది మాణిక్యం. "దొంగలాగ వెళ్లడమేటే?"

ఇప్పుడు అరుంధతి స్టూలు మీద కూర్చుని కూర తరుగుతుంది, వంట చేస్తుంది. మాణిక్యం బిందెలు సగమే నింపుతుంది. ఆదివారం ఇద్దరూ జొన్నతో కొండెక్కుతారు. నా గుడ్డ సాగిపోయింది, పట్టీ సరిగా అంటుకోదు. అయినా బయల్దేరేముందు నువ్వు కట్టుకో అంటే నువ్వు కట్టుకో అని వాదులాట. చివరికి ఎవరో ఒకరు కట్టుకుంటారు. కట్టుకున్న మనిషి, అవతలి నడుమూ నొస్తోందని తెలిసి, దారంతా రెండో మనిషి ముఖంలోకి చూడదు. కుక్కను పిలుస్తూ, కొండనే చూస్తూ నడుస్తుంది.