పౌలు పెట్టె

పౌలు మీద ఇనుము పడిన శుక్రవారం పొద్దున నేను ఎదురుగానే ఉన్నాను. కొలిమిలో కరిగిన ఇనుమును లాడిల్ అనే పెద్ద ఇనుప గంగాళంలోకి పట్టి, క్రేన్‌తో లేపి, అచ్చుల దగ్గరికి తెస్తున్నారు. పౌలు రోజూలాగే కింద నిలబడి, చెయ్యి ఊపుతూ క్రేన్‌కు దారి చూపిస్తున్నాడు. గొలుసు తెగింది. అరవడానికి కూడా వాడికి వ్యవధి దొరకలేదు. ఛాతీ నుంచి కిందికి చూడలేకపోయాం. మొహం మాత్రం షిఫ్టుకు వచ్చినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

ఇది చదివే మిల్లు కార్మికులకు గొలుసుల సంగతి నేను చెప్పనక్కరలేదు. కాలేజీ పిల్లల కోసం చెప్తున్నాను. గొలుసు ఒక్కనాడే తెగదు. కొక్కెం దగ్గర కడియాలు అరిగి సన్నబడ్డాయని ఎండాకాలం నుంచి మొత్తుకుంటున్నాం. మేనేజర్ కిషన్ రావు ప్రతిసారీ ఒకటే పాట పాడాడు.

"కంపెనీ అమ్ముడుపోతాంది. అయ్యేదాక కొత్త సామాను కొనొద్దు, ఉన్నది బయటికి పోవద్దు. పైనుంచి ఆర్డర్."

పైన అంటే లండన్. మా ఫౌండ్రీ కాశిబుగ్గ దాటినాక రైలు పట్టాల పక్కన ఉంటుంది. రైలు పెట్టెలకు బ్రేకు దిమ్మలు, మగ్గాలకు నూలు చుట్టే బీములు పోస్తాం. మా చేత పని చేయించుకునే కంపెనీకి లండన్‌లో ఆఫీసు, ఆఫ్రికాలో రాగి గనులు, ఇంకా ఏ సముద్రాల అవతలో అల్యూమినియం కార్ఖానాలు ఉండేవి. ఎనభై ఐదులో వాటన్నిటినీ మూటగట్టి ఒక అమెరికా కంపెనీ కొన్నది. లోహాల వ్యాపారంలో ఇంత పెద్ద బేరం ఈ మధ్య జరగలేదని ఇంగ్లిషు పేపరు రాసిందట. ఆ మూటలో మేమూ ఉన్నామని ఆ రాసినవాడికి తెలిసి ఉండదు. కానీ ఆ బేరం మాత్రం నడుచుకుంటూ వచ్చి మా క్రేన్ గొలుసు దగ్గర కూర్చుంది.

వానలు మొదలైనప్పుడు యూనియన్ మీటింగు పెట్టుకున్నాం. పోత పని చేసే కట్టయ్య లేచి, "గొలుసు మార్చేదాక కొలిమి అంటియ్యొద్దు. ఏమంటరు?" అన్నాడు. సగం చేతులు పైకి లేచాయి. అప్పుడు మా యూనియన్ పెద్ద జ్ఞానప్రకాశం కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆయన మిషన్ బడిలో చదివినవాడు, చర్చిలో పెద్ద, పరాయివాళ్ల కష్టానికి తన జేబు ఖాళీ చేసుకునే మనిషి.

"నేను పుట్టేటప్పుడు మా అవ్వను బతికిచ్చింది మిషన్ దవాఖానల అమెరికా దొరసాని. నాకు అక్షరం నేర్పింది వాళ్లే. లండనోళ్లు యాపారం తప్ప ఇంకోటి ఎరుగరు. వచ్చేటోళ్లు దేవుని భయం ఉన్నోళ్లు. జర ఓపిక పట్టుండ్రి. నేనే మాట్లాడుత. వాళ్ల ఇంగ్లిషులనే మాట్లాడుత."

"దవాఖాన పెట్టినోళ్లు ఏరు, కంపెనీ కొన్నోళ్లు ఏరు గద పెద్దయ్యా," అన్నాడు కట్టయ్య.

"నా మాట మీద ఆగరా?"

ఆయన మాట మీద ఆగనివాళ్లు మాలో లేరు. చేతులు ఒక్కొక్కటే దిగాయి. అందరికన్నా ముందు దించినవాడు పౌలు. చర్చిలో ఆయన పక్కన కూర్చునేవాడు మరి.

నా సంగతి కూడా చెప్పాలి. నా పేరు సిద్దిరాములు. ప్యాటర్న్ షాపులో వడ్రంగిని. ఇనుము పోయడానికి ముందు ప్రతి సామానుకూ టేకుతో నమూనా చెయ్యడం మా పని. ఫౌండ్రీలో సగం మంది క్రైస్తవులు. వాళ్లలో ఎవరు పోయినా పెట్టె మా షాపులోనే, మా చేతుల మీదనే తయారవుతుంది. ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు, ఏ మేనేజరూ వద్దనలేదు. పౌలు మా అందరిలోకి పొడుగు. షాపు ముందు నుంచి పోతూ, "అన్నా, నాకు జర పొడుగు చెక్క దాచిపెట్టు," అని ఆటపట్టించేవాడు. శనివారం పొద్దున ఆ పొడుగు చెక్కలే వెతికి కోశాను.

పెట్టె తయారైంది. నలుగురం భుజాలకెత్తుకుని గేటు దాకా వచ్చాం. వాచ్‌మన్ కొమురెల్లి అడ్డం నిలబడి తల దించుకున్నాడు. ఇంతలో కిషన్ రావు పరుగెత్తుకొచ్చాడు.

"పెట్టె దించుండ్రి. కర్రంత లెక్కగట్టి కొత్తోళ్లకు అప్పజెప్పినం. ఒక్క చెక్క తక్కువైనా నా నౌకరి పోతది."

"చెక్క కొత్తోళ్లదైతే, పౌలు ఎవలోడు సార్?" అన్నాను.

ఆయన చేతిలోని లెక్క కాగితాలు చూపించాడు. "బుధవారం సంతకాలైనయి. ఇగ మాకు సంబంధం లేదని లండనోళ్లు అంటాండ్రు. అమెరికోళ్లు సోమవారం నుంచి తీసుకుంటరు. ఇది నడుమ జరిగింది. ఇద్దరు మావోడు కాదంటాండ్రు. నన్నేం చెయ్యమంటవ్?"

కొలిమి నుంచి సుత్తి దాకా అన్నీ లెక్కలోకి ఎక్కాయి. చెత్తకుప్ప కూడా ఎక్కింది. పౌలు ఒక్కడే ఎక్కలేదు. పదేళ్లు ఆ కొలిమి ముందు చెమటోడ్చినవాడు ఎవరికీ ఏమీ కాకుండా దవాఖాన బండ మీద పడి ఉన్నాడు. ఆ క్షణం నాకు వచ్చినంత కోపం జన్మలో రాలేదు.

పెట్టె కోసమని పౌలు భార్య రూతు అప్పటికే చర్చి ఆడవాళ్లతో గేటు అవతల నిలబడి ఉంది. అన్నీ విన్నది.

"నా పైసలిస్త, బజార్ల పెట్టె కొనుక్కో అమ్మా," అన్నాడు కిషన్ రావు.

"పైసలు నేనడగలే సారు. ఇంతమంది ఈడ పని చేసి పోయిండ్రు, అందరు ఈ పెట్టెలల్లనే పోయిండ్రు. ఆయనకెందుకు లేదు? పెట్టె బయటికి రావద్దంటే ఆయననే లోపలికి తీసుకొస్త."

అని వెనక్కి తిరిగింది. మేము పెట్టెను అక్కడే దించి ఆమె వెంట నడిచాం.

దవాఖానలో పోస్టుమార్టం కోతలన్నీ అయ్యాక పౌలును తోపుడు బండి మీద పడుకోబెట్టాం. కాశిబుగ్గలోకి వచ్చేసరికి మగ్గాల చప్పుడు ఒక్కొక్క ఇంట్లో ఆగుతూ వచ్చింది. నేతపని కైలాసం మగ్గం మీద నుంచి కొత్త బట్ట కోసి తెచ్చి పౌలు మీద కప్పాడు. "మా బీములు మీ ఫౌండ్రీల పోసినయే," అన్నాడు. నేతగాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, రిక్షావాళ్లు వెంట నడిచారు. నినాదాలు ఎవరూ ఇవ్వలేదు. గేటు దగ్గర కొమురెల్లి తాళం తీసి రెక్కలు బార్లా తెరిచాడు.

"ఏం జేస్తానవురా?" అన్నాడు కిషన్ రావు.

"బయటికి పోవద్దన్నరు సార్. లోపలికి రావద్దని ఎవలనలే."

పౌలును పెట్టెలో పెట్టి, చల్లబడిన కొలిమి ముందు దించాం. మధ్యాహ్నం అమెరికా దొరలు కొన్న సరుకు చూసుకోవడానికి వస్తారు. వాళ్లకు మండుతున్న కొలిమి చూపించాలని కిషన్ రావు కట్టయ్యను బతిమాలాడు, బెదిరించాడు, మళ్లీ బతిమాలాడు. కట్టయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కార్లు వచ్చాయి. ఇద్దరు తెల్లవాళ్లు, ఒక బొంబాయి సాబు దిగారు. పెట్టెను చూసి ఆగిపోయారు. జ్ఞానప్రకాశం ఆదివారం కోటు తొడుక్కుని వచ్చాడు. పెద్ద తెల్లాయన ముందు నిలబడి ఇంగ్లిషులో నెమ్మదిగా, పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడాడు. ఆ దొర టోపీ తీసి చేతిలో పట్టుకుని విన్నాడు. ముసలాయన భుజం మీద చెయ్యి వేసి, మెత్తగా ఏదో చెప్పి, కారెక్కి పోయాడు.

"ఏమన్నడు పెద్దయ్యా?" అని రూతు అడిగింది.

"మస్తు బాధయితాందన్నడు. పౌలు కోసం ప్రార్థన జేస్తనన్నడు." ముసలాయన కళ్లజోడు తీశాడు. "సోమవారం అయినంక జరిగితే ఏమన్న జేద్దుము అన్నడు, బిడ్డా."

అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఆయన అట్లా ఏడవగలడని మేము ఎన్నడూ అనుకోలేదు. ఎవరూ ఆయనను ఒక్క మాట అనలేదు. కట్టయ్య పోయి లేపి, పెట్టె పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు నువ్వడుగురా," అన్నాడు ముసలాయన కట్టయ్యతో.

"గొలుసు మారేదాక, పౌలు మావోడే, మా పనిలనే సచ్చిండని కంపెనీ చెప్పేదాక కొలిమి అంటించేది లేదు. ఏమంటరు?"

చేతులన్నీ లేచాయి. జ్ఞానప్రకాశం చెయ్యి కూడా లేచింది.

సాయంత్రం పోలీసు వ్యాన్లు వచ్చాయి. ఇన్‌స్పెక్టర్ కిషన్ రావుతో మాట్లాడి మా వైపు తిరిగాడు. "శవాన్ని తీసి వ్యాన్ల పెట్టుండ్రి. పెట్టె ఈడనే ఉంటది. అది కంపెనీ ప్రాపర్టీ."

రూతు పెట్టె పక్కన మోకాళ్ల మీద ఉంది. ఆ మాట విని నా వైపు చూసింది.

"అన్నా, మూత పెట్టు. మేకులు కొట్టు."

నేను సుత్తి ఎత్తలేదు. మేకులు కొట్టేది సమాధుల తోటలో, అయినవాళ్లందరూ మొహం చూసుకున్నాక. తల్లి చూడకముందు ఎవరూ కొట్టరు. పౌలు తల్లి ఏసమ్మ నెక్కొండ నుంచి ప్యాసింజర్‌లో వస్తున్నది. ఇంకా చేరలేదు.

"అవ్వ రాలే గద చెల్లె."

"వచ్చేదాక వీళ్లాగుతరా? తెరిచి ఉంటే మనిషినో దిక్కు, పెట్టెనో దిక్కు జేస్తరు. అత్తమ్మకు నేను చెప్పుకుంట. నువ్వు కొట్టు."

ఆమె పౌలు నుదుటి మీది జుట్టు సర్దింది. కొత్త బట్టను గడ్డం దాకా లాగింది. నేను మూత పెట్టాను. కళ్లల్లో నీళ్లతో మేకు తల కనబడలేదు, వేలు నలిగింది. లాఠీలు లేచాయి. మావాళ్లు చుట్టూ దడి కట్టినట్టు నిలబడి దెబ్బలు కాశారు. కట్టయ్య తల పగిలింది. చివరి మేకు దిగేదాకా ఎవరూ కదల్లేదు. తరువాత అందరం పెట్టెను చుట్టుకుని కూర్చున్నాం.

ఏసమ్మ వచ్చింది. దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు, ఏడుపు అయిపోయి ఉంది. జనం దారి ఇచ్చారు. మూసిన పెట్టెను చూసి కోడలి వైపు తిరిగింది. రూతు అత్త కాళ్లు పట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్‌కు ఉపాయం తోచింది. గొంతు మెత్తగా చేసుకుని ముందుకొచ్చాడు. "అవ్వా, కొడుకు మొహం చూడనియ్యకుంట మేకులు కొట్టిండ్రు. నువ్వు ఊ అను, ఇప్పుడే తీపిస్త."

ఏసమ్మ నన్ను అడిగింది. "ఎందుకు కొట్టినవు బిడ్డా?"

చెప్పాను. తెరిస్తే పెట్టె గుంజుకుంటారని, పౌలు ఎవరివాడూ కాదంటున్నారని, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చెక్క మీద చెయ్యి వేసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా తడుముతూ నడిచింది.

"తల ఎటుంది?"

చూపించాను. అక్కడ చెంప ఆనించి కాసేపు ఉంది. తరువాత లేచి కొంగు దోపుకుంది.

"మొహం నేను కన్ననాడు చూసిన. తియ్యకుండ్రి. లేవట్టుండ్రి బిడ్డలారా."

లేపాం. ఎన్ని భుజాలు కలిశాయో తెలియదు, నేతగాళ్లవి, మావి, ముసలి జ్ఞానప్రకాశానిది. ఆడవాళ్లు ముందు నడిచారు, వాళ్ల ముందు ఏసమ్మ నడిచింది. ఆమె మీద లాఠీ ఎత్తడానికి ఆ పూట ఏ పోలీసుకూ చెయ్యి రాలేదు. పౌలు పెట్టె గేటు దాటింది.

సమాధుల తోటలో మట్టి వేసి తిరిగేసరికి వ్యాన్లు సిద్ధంగా ఉన్నాయి. జ్ఞానప్రకాశాన్ని, కట్టయ్యను, నన్ను ఎక్కించారు. పెట్టె దొంగతనం అని కేసు రాశారు. సోమవారం కొత్త కంపెనీ సైరన్ మోగిందని, ఒక్కరూ లోపలికి పోలేదని జైల్లో విన్నాం. గేటు ముందు ఏసమ్మ, రూతు కూర్చున్నారట. ఇంటికి పొమ్మని పోలీసులు అంటే, "నా కొడుకు ఎవల పనిల సచ్చిండో ఒక్కలొచ్చి చెప్పుండ్రి, లేచిపోత," అన్నదట ఏసమ్మ. ఎవరూ రాలేదు. సాయంత్రానికి కాశిబుగ్గ నుంచి నేతపని ఆడవాళ్లు వచ్చి ఆమె పక్కన కూర్చున్నారట.