సున్నా మాస్టారి ప్రధాన సంఖ్య

లెక్కంతా సరిగ్గా చేసి చివరి మెట్టు ఒక్కటి వదిలేసినా సున్నా వేసే మనిషిని పిల్లలు ఇంకేమని పిలుస్తారు? సున్నా మాస్టారన్నారు. ఆయనకూ ఆ పేరు లోలోపల ఇష్టమే. "నేను చెప్పానని నమ్మకండి, నిరూపిస్తేనే నమ్మండి" అని ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒకటే పాట.

ఆయనకు ప్రాణమైన సంఖ్య ఒకటుంది: 1000001. అటునుంచి చదివినా ఇటునుంచి చదివినా ఒకటే. పైగా ప్రధాన సంఖ్య, ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగం పోదని ఏటా కొత్త తరగతికి మొదటిరోజే చెప్పేవారు. దాన్ని తానే కని పెంచినట్టు మీసం కూడా దువ్వుకునేవారు.

ఇవాళ పదవీ విరమణ. పాత శిష్యులు ఆ సంఖ్యను ఇత్తడిలో పోత పోయించి, కింద 'ఎవరూ భాగించలేనిది' అని చెక్కించి, ఆయన తరగతి గుమ్మం మీద బిగించారు. సభ సాయంత్రం. ఉపన్యాసంలో నిరూపణ కూడా చెబితే బాగుంటుందని మాస్టారు మధ్యాహ్నం కాగితం తీశారు.

అక్కడే కొంప మునిగింది. చదువుకునే రోజుల్లో ఆయన తొంభై ఏడు దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో దాన్ని భాగించి చూశారు. నిజానికి వెయ్యి దాకా చూడాలి. ఇంతలో ఉద్యోగం వచ్చిందని కబురందితే, మిగతావి రేపు చూద్దాంలే అనుకున్నారు. ఆ రేపు ఇప్పటికి వచ్చింది. తొంభై ఏడు తర్వాతిది నూట ఒకటి. భాగిస్తే శేషం లేదు.

"నూట ఒకటి ఇంటూ తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి," అన్నారు భార్యతో, చావు కబురు చెప్పినట్టు.

ఆవిడ ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తోంది. "ఇన్నాళ్లూ ఎవరికీ తెలీలేదుగా. ఇవాళ్టికి ఊరుకోండి. పోయేముందు పరువు తీసుకోవడం దేనికి?"

"ఒక్క మెట్టుకే ఎంతమందికి సున్నా వేశాను! నాకు నేను వేసుకోకపోతే వాళ్ల మొహం ఎలా చూడను?"

సభలో సిగ్గుతో చచ్చిపోతూనే బోర్డు మీద గుణకారం మొత్తం చేసి చూపించారు. పక్కన పెద్ద సున్నా చుట్టి, "ఇది నాకు," అన్నారు.

హాలంతా చప్పట్లు. ప్రిన్సిపాలూ ఆయన శిష్యుడే. కళ్లు తుడుచుకుంటూ మైకు అందుకున్నాడు.

"చూశారా, వెళ్తూ వెళ్తూ కూడా మనకి పరీక్ష పెడుతున్నారు. ఇందులో ఎక్కడో కనికట్టుంది. మాస్టారు ప్రధాన సంఖ్య అన్నారంటే అది ప్రధాన సంఖ్యే."

"ఒక్కసారి గుణించి చూడండిరా," అని మాస్టారు బతిమాలారు. ఒక్కరూ కలం తియ్యలేదు. ఇత్తడి అంకెల కింద ఆయనతో ఫొటో దిగడానికి వరస కట్టారు.

"పోనీలెండి, పరువు దక్కింది," అంది భార్య, ఇంటికి వెళ్తూ.

"దక్కింది. అదే నా ఏడుపు," అన్నారు మాస్టారు. "ఇంతమందికి చదువు చెప్పాను, ఒక్కడూ గుణించి చూడలేదు."