ఆరిళ్ళకూ ఒకటే చెయ్యి

అరవై ఎనిమిది వేసవిలో టీకాల గంగరాజు సైకిలు మా వీధి మొదట్లో కనిపించగానే, నా మనవరాలు నీలవేణిని ధాన్యం గాదెలో దింపి మూత పెట్టేశాను. నాలుగేళ్ళ పిల్ల. సూదితో పొడిస్తే అమ్మవారికి కోపం వస్తుందని నా భయం. చిన్నప్పుడు నాకూ మా చెల్లికీ ఒకేసారి మశూచి పోసింది. ఒకే చాప మీద పడుకున్నాం. లేచింది నేనొక్కదాన్నే.

కానీ గంగరాజు పిల్లల చేతి మీద టీకా మచ్చ చూడందే గుమ్మం దిగడు. మా వీధిలో ఆ మచ్చ ఉన్న పిల్ల ఒక్కతే, పక్కింటి గున్నమ్మ కూతురు పద్మకుమారి. సాలూరులో లారీ మీద పనిచేసే వాళ్ళ నాన్న అక్కడ వేయించాడు. మా ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనుకునే ఉంటాయి. గంగరాజు వీధివైపు ఒక గుమ్మం దిగి మరొకటి ఎక్కేలోగా, పద్మకుమారి పెరటి దారిన వచ్చి, తలుపు చాటునుంచి ఎడమ చెయ్యి బయటపెట్టేది. ఇంటికో బెల్లం ముక్క కూలి.

మాది ఆరో ఇల్లు. వచ్చిన చెయ్యి మోచేతిదాకా జిడ్డు. దాని మీద రెండు ఈగలు.

"మీ ఈదిలో పిల్లలందరికీ బెల్లమంటే ఇష్టమేటి మామ్మా?"

"సిన్నపిల్లలు కదా బాబూ."

గాదెలోంచి తుమ్ము వినిపించింది.

"ఎలకలు" అన్నాను.

"తుమ్ముతాయేటి మీ ఎలకలు?"

"ధాన్యం దుమ్ము బాబూ."

గంగరాజు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. పొట్లాల కాగితాలమీద అక్షరాలు నేర్చుకున్నదాన్ని, తలకిందులుగానే కూడబలుక్కున్నాను. 'నీలవేణి. మచ్చ ఉంది.'

అతను వెళ్ళీ వెళ్ళగానే గున్నమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మ, కూర్మమ్మత్తా! పక్కూర్లో అమ్మోరు పోసినాదట. గుమ్మానికి యాపమండలు కట్టీసినారు!"

నాకు ఆ చాప కళ్ళముందు కదిలింది. మచ్చ ఉన్న నీలవేణి పుస్తకంలో ఉంది. గాదెలో ఉన్నదానికి ఏ మచ్చా లేదు. అమ్మవారు ఆ పుస్తకం చూసుకుని వస్తుందా? ఒంటికంటిన ఊకతోనే పిల్లను గాదెలోంచి తీసి చంకనెత్తుకుని పరుగెత్తాను.

"బాబూ, ఆగు! ఈ పిల్లకి టీకా ఎయ్యి!"

"పేరేటి?"

"నీలవేణి."

గంగరాజు పుస్తకం తిప్పాడు. "మచ్చ ఉన్నాది కదా?"

"ఆ సెయ్యి మాది కాదు బాబూ!"

"మరెవులిది?"

"గున్నమ్మ కూతురిది. ఆరిళ్ళకూ అదే సెయ్యి."

"రెండో ఇంట్లోనే తెలిసింది మామ్మా. గొడవ పెడితే తలుపులు మూసీసి మరి రానివ్వరు. అందుకే పెన్సిల్‌తో రాసినాను. రేపు పెద్దమనుషుల్ని ఎంటబెట్టుకుని వద్దామనుకున్నాను."

సూది గుచ్చాడు. పిల్ల ఏడ్చింది. నేను ఇంకా గట్టిగా ఏడ్చాను.

"నీకు కాదు మామ్మా ఏసింది!"

వెనక్కి తిరిగితే మిగతా ఇళ్ళవాళ్ళంతా పిల్లల్ని ఎత్తుకుని వస్తున్నారు. అందరికంటే ముందు పద్మకుమారి, అలవాటుగా చెయ్యి చాపుకుని.

తడి తగలనివ్వొద్దన్నాడని వారంపాటు ఆ చేతికి కాపలా కాశాను. పిల్ల ఒళ్ళు వెచ్చబడిన రోజు దాని చాప మీదే కూర్చున్నాను, లేవలేదు. రెండో రోజు అదే లేచి బెల్లం అడిగింది.

పొక్కు మాని మచ్చ పడ్డాక గంగరాజు వచ్చాడు. పెన్సిల్ గీతలు చెరిపి, సిరాతో మళ్ళీ ఆ మాటే రాశాడు. పుస్తకం నావైపు తిప్పమని, ఈసారి తిన్నగా చదువుకున్నాను.