లెక్కల పరీక్షకు వచ్చిన తువ్వాల

ప్రశ్నపత్రం చేతికి రాకముందే త్రివేణి ముక్కుకు గొర్రె వాసన తగిలింది. పరీక్ష అట్టకు చుట్టుకొచ్చిన తువ్వాల నుంచే. చూసుకుంటే, అది ఇంట్లో ఉండాల్సిన తువ్వాల.

పది రోజుల కింద ఇంట్లో ఒక గొర్రె పిల్ల చచ్చింది, ఇంకో పిల్లకు తల్లి చచ్చింది. చచ్చిన పిల్లను చుట్టిన తువ్వాలలోనే ఈ తల్లిలేనిదాన్ని చుట్టి పట్టుకుంటే, పిల్ల పోయిన గొర్రె ఆ వాసనకు తన బిడ్డే అనుకుని పాలిస్తోంది. తువ్వాల లేదా, కుమ్మి అవతల పడేస్తుంది. మందను తోలుకుని వలస పోతూ బాపు లింగయ్య చెప్పిపోయాడు: "ఆ పిల్ల బతికితే నీ ఇంటర్ ఫీజుకైతది. లెక్కల్ల తప్పినవా, మంద ఎంబడి నడువు." అంటే త్రివేణి చదువు ఆరు కాళ్ల మీద నిలబడి ఉంది. తనవి రెండు, పిల్లవి నాలుగు.

సంచి చిరిగిందని తెల్లారుజాము చీకట్లో తీగ మీద చేతికందిన బట్టలో అట్టను మూటగట్టింది అమ్మ సైదమ్మే.

పది గంటలు దాటింది. ఈపాటికి పిల్ల ఆకలికి అరుస్తుంటుంది. త్రివేణి రాసిన లెక్కనే మళ్లీ రాసి కొట్టేసింది. పదకొండున్నరకు గేటు దగ్గర సన్నగా ఒక అరుపు. సూత్రాలు మరిచిపోయినా ఆ గొంతు మాత్రం మరిచిపోలేదు. వెంటనే అమ్మ గొంతు:

"సారూ, జర మా బిడ్డను అడుగుండ్రి. తువ్వాల ఇస్తది, అంతే!"

"పరీక్ష నడుస్తాందమ్మా, పో!"

"నేను పోత. మరి ఇది పాలు తాగొద్దా?"

త్రివేణి లేచి నిలబడింది. "మేడం, ఈ తువ్వాల మా అమ్మకియ్యాలె. లేకుంటే గొర్రెపిల్ల చస్తది."

గదిలో కాపలా ఉన్న స్నేహలత మేడం ఇరవై ఏళ్లలో చీటీలు పంపే ఉపాయాలు ఎన్నో చూసింది. గొర్రె ఉన్న ఉపాయం ఇదే మొదటిది. పెద్దసారుకు కబురు వెళ్లింది. ఆయన తువ్వాల విప్పాడు, దులిపాడు, వెలుతురుకు పట్టి చూశాడు, పొరపాటున వాసన కూడా చూశాడు. అంతసేపూ త్రివేణి వరండాలో నిలబడే ఉంది. తువ్వాల గేటు దాటేసరికి ఇరవై నిమిషాలు పోయాయి.

చివరి సిద్ధాంతం మూడో వరుస రాస్తుండగా గంట కొట్టారు.

తమ ఊరు పానగల్ దాకా పరుగున వచ్చింది. పిల్ల పొట్ట గుమ్మడికాయలా ఉంది.

"తాగిందానే అమ్మా?"

"కడుపునిండ తాగింది. గంత సేపు నిన్ను బయట నిలబెట్టిన్రట గదా. రాసుడు ఆగిందా బిడ్డా?" సైదమ్మ మొహం వాడిపోయింది.

"లేదే. అప్పటికే అంతా రాసిన."

తువ్వాలను తీగ మీద కాకుండా ఈసారి దూలానికి గట్టిగా ముడేసి, త్రివేణి గోడవైపు తిరిగి వేళ్ల మీద మార్కులు లెక్కపెట్టింది. పాసుకు ఒకటి తక్కువ. సగంలో ఆగిన సిద్ధాంతం మూడు వరుసలకు ఒక మార్కు వేయరా? మళ్లీ బొటనవేలు నుంచి మొదలుపెట్టింది.