క్లేర్ పుట్టిన ఏటి సీసా

ఆ సీసా మా ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి నా ప్రాణం కుదుటన లేదు.

మా తమ్ముడు హరీష్ హైదరాబాద్‌లో ఒక బేకరీలో పనిచేస్తాడు. అక్కడే పనిచేసే క్లేర్ అనే ఫ్రెంచి అమ్మాయిని పెళ్లి చేసుకుంటానన్నాడు. తల్లి లేని పిల్ల, బంగారం లాంటిది. వాడి దగ్గరే తెలుగు నేర్చుకుంది, కాకపోతే చిన్నా పెద్దా అందరినీ 'నువ్వు' అంటుంది. చిక్కంతా వాళ్ల నాన్న ఎతియెన్ గారితోనే. సెలవుల్లో మమ్మల్ని చూసి వెళ్దామని ఫ్రాన్స్ నుంచి వచ్చారు. కామారెడ్డి స్టేషన్‌లో దిగింది మొదలు ఎల్లారెడ్డిలో మా ఇంటికి చేరేదాకా కారులో నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక మాత్రం బ్యాగులోంచి ఒక వైన్ సీసా తీసి, పసిపిల్లను అందించినట్టు నా చేతుల్లో పెట్టారు.

"చల్లటి జాగల పెట్టు రాజశ్రీ. నేను పుట్టిన ఏడు నాన్న చేసిండు," అంది క్లేర్.

వాళ్లింట్లో ఆడపిల్ల పుడితే ఆ ఏటి వైన్ ఒక సీసా దాచిపెడతారట. పిల్ల పెళ్లికి తాను ఒప్పుకున్న రోజున తండ్రే దాని బిరడా మూత తీస్తాడట. "తీస్తడో, మళ్ల పట్టుకపోతడో తెల్వదు," అని గొంతు తగ్గించింది క్లేర్.

దాన్ని వంటింట్లో నీళ్ల కుండల పక్కన పెట్టాను. రాత్రి పడుకోబోయేదాకా హరీష్ నీళ్లు తాగే వంకతో అటు తిరుగుతూనే ఉన్నాడు. వాడికి అంత దాహం వేయడం ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు ఆదివారం. వాన వెలిసి ఎండ కాసింది. ఎవరికీ ఏ తొందరా లేదు. ఇంటి వెనక చేను గట్టు మీద చాపలు పరిచి, భోజనాలు అక్కడే అన్నాం. నిజాంసాగర్ చేపలు వేయించాను, మక్క గారెలు చేశాను. తెల్లవారి దింపిన కల్లు కుండతో సహా వచ్చింది. యాట మాంసం కూర మాత్రం మా నానమ్మ రాములవ్వది. అమ్మానాన్నా పోయాక మా ఇద్దర్నీ పెంచింది ఆమే. ఆమె పొయ్యి దగ్గరికి మమ్మల్ని రానివ్వదు.

ఎతియెన్ గారు కాళ్లు చాపుకుని గారెలు తిన్నారు, కల్లు చప్పరించారు, చేను వంక చూశారు. బాగుందని గానీ బాగాలేదని గానీ అంటే ఒట్టు. మొహంలో ఏమైనా దొరుకుతుందేమోనని చూసి చూసి నాకే విసుగొచ్చింది.

అవ్వ కూర తెచ్చి వడ్డించింది. ఒక్క ముద్ద తిన్నారో లేదో ఆయన ఆగిపోయారు. గిన్నె దగ్గరికి తీసుకుని వాసన చూశారు. కూతురితో ఏదో అన్నారు. క్లేర్ మొహం పాలిపోయింది.

"అవ్వా, కూరల ఏం పోసినవ్?" అని అడిగింది.

"కుండల కాడి సీస," అంది అవ్వ, నన్ను దగ్గరికి లాగి గొంతు తగ్గించి. "పొద్దుగాల దింపిన కల్లే మాపటికి పులుస్తది. గది పిల్ల పుట్టిన ఏటిదంటివి గదనే! పాపం, తెల్వక తెచ్చిండు. నలుగురి ముంగట విప్పితే ఆయన ఇజ్జత్ పోతదని కూరల కలిపిన. యాట సుత ముదురుది, పులుపుకు మంచిగ మెత్తగైంది. మూత రాకపోతే గంటె కాడతోని లోపటికి పొడిచిన."

అవ్వ గొంతు తగ్గించిందంటే గట్టు అవతలికి కూడా వినిపిస్తుంది. ఆమె మీద ఎంత కోపం వచ్చిందో, ఆ సీసా ఎందుకు దాచారో ఆమెకు చెప్పని నా మీద అంతకు రెట్టింపు వచ్చింది. హరీష్ తల పట్టుకున్నాడు. క్లేర్ తడబడుతూ తండ్రికి అంతా చెప్పింది.

ఆయన లేచి వంటింట్లోకి వెళ్లి సీసా తెచ్చుకున్నారు. లోపల మూత తేలుతోంది, అడుగున కాస్త వైన్ మిగిలింది. దాన్ని ఎండకు పట్టి చూస్తూ ఏదో అడిగారు.

"తక్కిందంత కూరలనే పోసినవా అంటున్నడు," అంది క్లేర్.

"అంత ఎందుకు పోస్త? ముందుగాల సాక పోసిన," అంది అవ్వ. "ఏది విప్పినా పోయినోళ్లకు నాలుగు చుక్కలు భూమ్మీద పొయ్యాలె గద. వీళ్ల తాతకు పోసి చెప్పిన. హరీష్ లగ్గం ఖాయమైంది, పిల్ల మంచిది, వాళ్ల బాపు గింత దూరం కెళ్లి వచ్చిండు, తాగు అని."

క్లేర్ ఆ మాటల్ని ఫ్రెంచిలో చెబుతూ సగంలో ఆగి, కళ్లు తుడుచుకుని పూర్తి చేసింది. ఎతియెన్ గారు అవ్వ పక్కన చాప మీద కూర్చున్నారు. సీసా ఆమె చేతికిచ్చి మెల్లగా రెండు మాటలన్నారు.

"మూత పోయింది, ఇంక నేను చెప్పేదేముంది అంటున్నడు," అంది క్లేర్, ఏడుస్తూ, నవ్వుతూ. "మిగిలింది మా అమ్మకు పొయ్యమంటున్నడు."

హరీష్ గట్టిగా ఊపిరి వదిలాడు. నేనైతే ఆ చాప మీదే కూలబడ్డాను.

అవ్వ కొంగు సర్దుకుని గట్టు మీదికి వంగింది.

"పేరేంది బిడ్డా, మీ అమ్మది?"

"ఎలెన్."

"ఎలెనమ్మా, నీ బిడ్డ లగ్గం ఖాయమైంది. తాగు," అని చివరి చుక్క దాకా వంపింది. తర్వాత మా వైపు తిరిగి, "ఇగ తినుండ్రి, కూర చల్లారుతది," అంది.

ఎతియెన్ గారు గిన్నె ముందుకు జరిపి ఇంకొంచెం వెయ్యమన్నారు.