పక్కన పెట్టిన గిన్నె

"నువ్వు చేసేదేముంది, అంతా ఆ మిషనే చేస్తోందిగా!"

ఆ మాట అన్నప్పుడు భర్త హాల్లో వంగి బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. ఆమె సింకు దగ్గర నిలబడి, ఆ మిషను బ్లేడు కింద రబ్బరు రింగు సందులో ఇరుక్కున్న క్యారెట్ తుక్కుని పాత టూత్‌బ్రష్‌తో గీకుతోంది. బ్రష్ ఆగలేదు. కోపం రాలేదు. ఆ మాట ఎన్నిసార్లు విందో, గోడ గడియారం చప్పుడులా అయిపోయింది. ఉన్నట్టు తెలుస్తుంది, అంతే.

మిషనంటే మరేం లేదు, పసిపిల్లల తిండి మెత్తగా చేసే చిన్న మిక్సీ. ఆడపడుచు పంపిన కానుక. తెల్లగా, గుండ్రంగా, ముద్దుగా ఉంటుంది. అది వచ్చిన అట్టపెట్టె మీద ఒక పసివాడు నవ్వుతుంటాడు, పక్కన ఒక తల్లి నవ్వుతుంటుంది. ఆ తల్లి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. పెట్టె విప్పిన రోజే ఆమెకి ఆ ఖాళీ చేతుల మీద అనుమానం వచ్చింది. అనుమానం నిజమే అయింది. క్యారెట్ కడగాలి, తొక్క తీయాలి, చిన్న ముక్కలు చేయాలి, ఉడికించాలి. తక్కువ ఉడికితే పలుకులు పలుకులుగా ఉంటుంది, ఎక్కువ ఉడికితే నీళ్ళోడుతుంది. అందుకని పొయ్యి దగ్గరే నిలబడాలి. చల్లార్చాలి. అప్పుడు మిషన్లో వేసి మూత బిగించి బటన్ నొక్కాలి. నొక్కాక మళ్ళీ జల్లెడలో వేసి చెంచా వెనకవైపుతో అదమాలి, ఎందుకంటే తొమ్మిది నెలల బుడ్డోడికి నలుసంత పలుకు తగిలినా మొత్తం ఊసేస్తాడు. ఊసింది తుడవాలి. మళ్ళీ పెట్టాలి. ఆ తర్వాత మిషన్ని ఊడదీసి కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బిగించాలి. అప్పటికి బుడ్డోడికి మళ్ళీ ఆకలేస్తుంది. ఈ మొత్తం భాగవతంలో బటన్ నొక్కడమనేది ఒక్క తుమ్ము తుమ్మినంత సేపు.

అదృష్టమో దురదృష్టమో, భర్త కంటపడింది ఆ తుమ్మే.

ఒక ఆదివారం అతను ఎందుకో సరదాపడి వంటింట్లోకి వచ్చాడు. ఆమె అప్పుడే ఉడికిన ముక్కలు మిషన్లో వేసి మూత బిగించి, బుడ్డోడు ఏడుస్తుంటే గదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అతను నడుముకి ఆమె ఆప్రాన్ కట్టుకుని బటన్ మీద వేలు పెట్టి నిలబడ్డాడు. అత్తగారు ఎదురుగా నిలబడి ఫోన్లో వీడియో తీస్తోంది.

"నాన్న ప్రేమకి ఒక్క బటన్ చాలు!" అన్నాడు కెమెరాకేసి చూసి.

అతనికి అది బాగా చేతనైన పని. కంపెనీల్లో నలుగురినీ కూర్చోబెట్టి ఎలా మాట్లాడాలో నేర్పడమే అతని ఉద్యోగం. మిషను గిర్రుమంది. క్యారెట్ ముద్దయింది. అత్తగారు ఆ వీడియోని చుట్టాలందరికీ పంపి, అక్కడితో ఆగక అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా పెట్టింది. సాయంత్రానికి అతను ఆదర్శ తండ్రి. లిఫ్టులో ఆమెని చూసిన ప్రతి ఇల్లాలూ ఒకటే మాట: "ఎంత అదృష్టవంతురాలివమ్మా! మా ఇంట్లో మహానుభావుడు మంచినీళ్ళ గ్లాసు కూడా కదపడు."

ఆమె నవ్వి ఊరుకునేది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ సొమ్ము పెళ్ళానిది, చప్పట్లు మొగుడివి. అంతే తేడా.

అసలు సంగతి ఆ తర్వాత వచ్చింది. అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు గారు ఒకరోజు మెట్లమీద భర్తని ఆపేశాడు. "మన కుర్రాళ్ళలో కొత్తగా తండ్రులైనవాళ్ళూ, కాబోయేవాళ్ళూ ఉన్నారు. శనివారం పొద్దున కింద హాల్లో ఒకసారి చేసి చూపించవయ్యా. చూసి బుద్ధి తెచ్చుకుంటారు."

భర్త మూడు మెట్లు ఒక్క అంగలో ఎక్కి ఇంటికొచ్చాడు.

సరిగ్గా అదే సాయంత్రం ఆమెకి ఫోనొచ్చింది. ఆమె పని చేసే కళ్ళజోళ్ళ షాపు యజమానురాలు. పెళ్ళికి ముందునుంచీ అక్కడ చూపు పరీక్ష చేసేది ఆమే. చీకటి గది, ఎత్తు కుర్చీ, ఎదురుగా గోడ మీద అక్షరాలు. ఒక అద్దం తీసి ఇంకో అద్దం పెట్టి, 'ఇలా బాగుందా, ఇందాక బాగుందా?' అని అడగడం. రోజంతా అదే ప్రశ్న. అయినా ఎప్పుడూ విసుగు పుట్టలేదు. కుర్చీలో కూర్చున్న మనిషి మొహం ఉన్నట్టుండి విచ్చుకునే క్షణం ఒకటుంటుంది, ఆమెకి అదంటే ఇష్టం. బుడ్డోడు పుట్టాక ఆ కుర్చీ దగ్గర వేరే అమ్మాయి తాత్కాలికంగా పని చేస్తోంది.

"చూడమ్మా, ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచాను," అంది యజమానురాలు. "ఆ అమ్మాయి పర్మనెంట్ చెయ్యమంటోంది. తప్పు కూడా కాదు. శనివారం నువ్వొస్తే కుర్చీ నీది. రాకపోతే నేనింక ఆపలేను."

భోజనాల దగ్గర ఆమె ఆ సంగతి చెప్పింది.

"ఈ శనివారమా?" భర్త చెయ్యి కంచంలోనే ఆగింది. "నా ప్రోగ్రాం ఉంది కదా!"

"మీ ప్రోగ్రాంకి నేనెందుకండీ?"

"ఎందుకంటే... ఉండాలిగా మరి. సోమవారం చేరతానని చెప్పు."

"శనివారం దాకే ఆగుతానంది."

"ఇంకో ఆర్నెల్లు ఆగితే మాత్రం ఏమైంది? లోకంలో కళ్ళు కనపడనివాళ్ళు అయిపోతారా?" తన జోకుకి తనే నవ్వాడు.

అత్తగారు తల ఎత్తకుండా అంది: "మా రోజుల్లో మిషన్లెక్కడివి? చేత్తో మెదిపి పెట్టేవాళ్ళం. ఇప్పుడు అన్నీ అమర్చిపెట్టినా పిల్లాణ్ణి చూసుకోడానికి తీరిక లేదంటే ఎలా?"

ఆమె కంచాలు తీసింది. అతను సింకు దాకా వెనకే వచ్చి గొంతు తగ్గించాడు. "సరే, పంతం దేనికి? వెళ్ళు. కానీ వెళ్ళేముందు ముక్కలూ అవీ రెడీ చేసి పెట్టెయ్. మిగతాది నేను చూసుకుంటా."

"అవీ అంటే?"

"అవే. రోజూ చేసేవి."

ఆమె అతని మొహంలోకి చూసింది. షాపులో ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసినట్టే, నిదానంగా. దాపరికమేమీ కనిపించలేదు. వెటకారం కూడా లేదు. అతనికి నిజంగానే తెలియదు. పొయ్యి దగ్గర నిలబడటం, అదమడం, గీకడం, అన్నీ అతని లెక్కలో ఆ 'అవీ'లోనే పడి ఉన్నాయి. ఆమె పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కూడా. చెబుదామనుకుంది. నోటిదాకా వచ్చింది. ఇంతలో బుడ్డోడు లేచాడు.

శనివారం పొద్దున ఆమె ట్రే సర్దింది. కడిగి తొక్క తీసి ముక్కలు చేసిన క్యారెట్, మిషను, జల్లెడ, చెంచా, మూతతో సహా ఉడికించే గిన్నె. అన్నీ వరసగా పెట్టింది. కింద హాలు పక్కనే చిన్న వంటగది ఉంది, అందులో పొయ్యి ఉంది. ఏ ఒక్కటీ దాచలేదు. చూసే కళ్ళుండాలే గానీ పని మొత్తం ఆ ట్రేలో ఉంది.

భర్త ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ట్రే వంక మెచ్చుకోలుగా చూశాడు. గిన్నె దగ్గర అతని చూపు ఆగింది.

"ఇదెందుకు? టేబుల్ మీద అడ్డం," అని దాన్ని తీసి గట్టుమీద పక్కన పెట్టేశాడు.

ఆమె అప్పుడు తలుపు దగ్గర చెప్పులేసుకుంటోంది. చూసింది. హాల్లో ఒళ్ళో బుడ్డోణ్ణి పెట్టుకుని అత్తగారు కూర్చునుంది. ఒక్క మాట చాలు. 'అది ఉడకబెట్టాలండీ' అంటే సరిపోతుంది. అంటే ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు. 'అయ్యో, అయితే ఉడకబెట్టి ఇచ్చేసి వెళ్ళు, పది నిమిషాలేగా' అంటాడు. ఆ పది నిమిషాల్లో బస్సు పోతుంది. ఆ తర్వాత బుడ్డోడు ఏడుస్తాడు. ఆ తర్వాత జల్లెడ ఎలా పట్టాలో చూపించమంటాడు. అలా ఒక్కో పది నిమిషాలే కదా, ఇన్ని నెలలు అయ్యాయి.

ఆమె నోరు మూసుకుంది. అయినా ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్తపడింది. "అత్తయ్యా, బుడ్డోడికి ఏది పెట్టినా మీరే చూసి పెట్టండి. ఇప్పుడు పాలు తాగాడు, మధ్యాహ్నం దాకా ఆగుతాడు."

"నాకు చెప్పాలా అమ్మాయ్?" అంది అత్తగారు.

అది నిజమే. అత్తగారి చెయ్యి దాటకుండా ఆ ఇంట్లో ఏ చెంచా పసివాడి నోటికి చేరదు.

షాపులో తెల్ల కోటు ఆమె సొరుగులోనే ఉంది, మడతలు గట్టిపడి. దులిపి వేసుకుంది. మొదట వచ్చినవాడు ఒక లారీ డ్రైవరు. గోడమీది అక్షరాలు అడ్డూ ఆపూ లేకుండా చదివేశాడు, చివరి వరసతో సహా. ఆమె గోడమీది అక్షరాల అట్ట మార్చింది. డ్రైవరు నీళ్ళు నమిలాడు.

"బయట కూర్చున్నప్పుడు తలుపు సందులోంచి చూసి బట్టీ పట్టారా?"

"ఏం చెయ్యనమ్మా, లైసెన్సు పోతుందని భయం."

"అద్దాలు పెడితే పోదు. చెప్పండి, ఇలా బాగుందా, ఇందాక బాగుందా?"

జేబులో ఫోను కొట్టుకోవడం మొదలైంది. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆమె డ్రైవరు పని పూర్తి చేసి, అద్దాల నంబరు రాసిచ్చి, అప్పుడు బయటికొచ్చి తీసింది.

"బుడ్డోడెలా ఉన్నాడు?" ముందు అదే అడిగింది.

"వాడికేం, బానే ఉన్నాడు. అమ్మ దగ్గర ఆడుకుంటున్నాడు. నా పరువే పోయింది!" భర్త రొప్పుతున్నాడు. "మిషన్ పాడైపోయింది. రాళ్ళు నలిగినట్టు ఒకటే గోల. ముద్ద కాలేదు, నూకలు నూకలుగా వచ్చింది. సర్లే, ఇదీ ఒక పద్ధతే అని సర్దిచెప్పి బుడ్డోడికి పెట్టబోతే, అమ్మ చెయ్యి అడ్డం పెట్టి, 'ముందు నువ్వు రుచి చూడరా' అంది. అందరూ చూస్తున్నారుగా, తిన్నాను. కరకరమని ఆఖరి వరస దాకా వినపడింది! ఎవరో అడిగాడు, 'ఉడకబెట్టలేదా అన్నా?' అని. ఉడకబెట్టాలని నాకెందుకు చెప్పలేదు?"

"గిన్నె పెట్టానండీ."

అవతల రొప్పడం ఆగింది. అతనికి గిన్నె గుర్తొచ్చిందని ఆమెకి తెలిసింది.

"మిషను ఉడకబెట్టదా?" అన్నాడు కాసేపటికి. ఈసారి గొంతు మామూలుగా ఉంది. నలుగురి ముందు మాట్లాడే గొంతు కాదది.

"లేదు."

"మరి ఇన్నాళ్ళూ..." మాట అక్కడే వదిలేశాడు. "సరే, నువ్వొచ్చెయ్. ఒక్క గంట పర్మిషన్ అడుగు. మధ్యాహ్నం వాడికి తిండి ఎలా?"

అద్దం తలుపు లోపల తర్వాతి మనిషి అప్పటికే కుర్చీలో కూర్చున్నాడు. ఆమె కుర్చీ.

"సాయంత్రం వస్తాను. ముక్కలు నీళ్ళలో వేసి ఉడకబెట్టండి."

"ఎంతసేపు?"

"మెత్తబడే దాకా."

"మెత్తబడిందని ఎలా తెలుస్తుంది?"

"దగ్గర నిలబడితే తెలుస్తుంది," అని ఫోను పెట్టేసింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వంటింటి గోడ మీద నారింజ రంగు చుక్కలున్నాయి. బుడ్డోడు కడుపు నిండి, చెవి వెనక కాస్త క్యారెట్ ఎండి, చాప మీద నిద్రపోతున్నాడు. భర్త సోఫాలో కాళ్ళు చాపి పడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా ముందంతా మరకలు.

అత్తగారు పసివాడి పక్కన కూర్చుని ఉతికిన గుడ్డలు మడతపెడుతోంది. ఆమె కూడా పక్కన కూర్చుని బుడ్డోడి చెవి వెనక క్యారెట్‌ని తడిగుడ్డతో తుడిచింది.

"పొద్దున వాడు గిన్నె పక్కన పెడుతుంటే నేనూ చూశాను," అంది అత్తగారు, మెల్లగా, కొడుక్కి వినపడకుండా.

ఆమె చెయ్యి ఆగింది. "మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వు చెప్పావా?"

అత్తగారు ఒక చిన్న చొక్కాని ఒళ్ళో పెట్టుకుని, చేతుల అంచులు సరిచేస్తూ, "వాడి నాన్న కూడా అంతే," అంది. "నా చేతి తిండి ముప్పై ఏళ్ళు తిన్నాడు. ఒకసారి నాకు జ్వరమొస్తే, పొయ్యి ఎలా వెలిగించాలని మంచం దగ్గరికొచ్చి అడిగాడు. నేను లేచి వెళ్ళి వెలిగించాను." చొక్కా మడతపెట్టేసింది. "లేవకుండా ఉండాల్సింది."

భర్త సోఫాలో కదిలాడు. "అదీ... ఆ మిషనూ అవీ సింకులో ఉన్నాయి. కడగాలి కదా?"

"కడగాలండీ," అంది ఆమె. "రబ్బరు రింగు తీసి, సందులో కూడా. ఎండితే రాదు. టూత్‌బ్రష్ కిటికీలో ఉంది."

అతను తల్లి వైపు చూశాడు. అత్తగారు ఇంకో గుడ్డ అందుకుని మడతపెట్టడంలో మునిగిపోయింది. కాసేపటికి అతను లేచాడు. సింకులో నీళ్ళ చప్పుడు మొదలైంది. ఏదో కిందపడింది, ఏదో తిట్టు వినపడింది. నీళ్ళు మాత్రం ఆగలేదు.

ఆమె బ్యాగులోంచి తెల్ల కోటు తీసి, గట్టిపడ్డ మడతల మీద సబ్బు రాసి, ఉతికి, సోమవారానికి ఆరేసింది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఆమె ఉతికింది అదొక్కటే.